మేత మడిలో కలుపు: మందు కొట్టేముందు గేదెను తలుచుకోండి

(పశుపోషకులకు చెప్పిన ప్రసంగం. ఫోనులో చదువుకోండి, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి, మీ గ్రూపులో పంపండి.)



డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకునో, స్త్రీనిధి రుణంతోనో గేదెను కొనుక్కున్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఉపాధి హామీ నిధులతో గోకులం షెడ్డు కట్టుకున్నవాళ్ళు ఉంటారు. నాలుగు మేకలతో బతుకు ఈడుస్తున్నవాళ్ళూ ఉంటారు. ఈ మాటలు మీకోసమే.

గేదె వచ్చింది, షెడ్డు వచ్చింది. ఇక రోజూ కావలసింది గడ్డి. మన కృష్ణా డెల్టాలో పశువుల కోసమని వదిలేసిన బీడు ఎక్కడుంది చెప్పండి? సెంటు భూమి ఉన్నా వరో, మొక్కజొన్నో, మినుమో వేస్తాం. అందుకని మన పశువుకు పచ్చిక బయలంటే పొలం గట్టు, కాలువ గట్టు, డ్రెయిను గట్టు, కోత కోసిన మడి. కలుపు మొలిచేదీ అక్కడే. కలుపుమందు పడేదీ అక్కడే. లక్ష రూపాయలు పెట్టి కొన్న గేదె మూతి పెట్టేదీ అక్కడే.

ఇవాళ నేను చెప్పేదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కలుపు పచ్చగా నిలబడి ఉన్నప్పటికంటే, చస్తున్నప్పుడు పశువుకు ఎక్కువ ప్రమాదం.

ఎందుకని?

పశువుకు ముక్కుంది, నాలుకుంది. పచ్చి వయ్యారిభామను వాసన చూసి వదిలేస్తుంది. తూటికాడ జోలికి మామూలుగా పోదు. అదే మొక్కను కోసి పడేస్తేనో, మందు కొడితేనో వాడిపోతుంది. వాడేటప్పుడు దాని చేదు, వాసన తగ్గుతాయి. కొన్ని మొక్కలు 2,4-డి లాంటి మందు పడ్డాక కాస్త తియ్యగా కూడా అవుతాయి. అంతకుముందు ముఖం తిప్పుకున్న పశువు అప్పుడు తింటుంది. మొక్కలోని విషం మాత్రం ఎక్కడికీ పోదు. దానికి తోడు మందు కూడా కడుపులోకి పోతుంది.

కాబట్టి కలుపు చచ్చింది కదా, పని అయిపోయిందనుకోవద్దు. చచ్చిన కలుపు మేత మడిలోంచి బయటికి పోయాకనే పని అయినట్టు.

ముందు మొక్కను గుర్తుపట్టండి

వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్లపూలు. మన దేశంలో దీన్ని మొదట 1955లో పూణేలో గమనించారు. ఇప్పుడు అది లేని ఊరు లేదు. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. మనుషులకు దురద, ఆయాసం తెస్తుంది. మేత కరువులో పశువు దీన్ని తింటే నోట్లో పుండ్లు, విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి, పాలు చేదెక్కుతాయి. ఎక్కువ తింటే ప్రాణం మీదికి వస్తుంది.

తూటికాడ. కాలువ గట్ల మీద, డ్రెయిన్ల వెంట గుబురుగా పెరిగి, గరాటులాంటి లేత ఊదారంగు పూలు పూసేది. కొందరు లొట్టపీసు అంటారు. మనం వండుకునే తూటికూర వేరు, ఇది వేరు. ముఖ్యంగా మేకలకు ఇది చెడ్డ అలవాటు అవుతుంది. వారాల తరబడి తిన్న మేక చిక్కిపోతుంది, తల వణుకుతుంది, నడక తూలుతుంది, అయినా దానికోసమే వెతుక్కుంటూ పోతుంది. అలాంటి మేకను కనబడ్డ రోజే ఆ చోటు నుంచి మళ్ళించాలి.

గన్నేరు. పెరట్లోనూ, పెద్ద రోడ్ల డివైడర్ల మీదా అందం కోసం వేస్తారు. పచ్చిదీ విషమే, ఎండిందీ విషమే. కొమ్మలు కత్తిరించి గట్టు మీద పడేశారంటే పశువుకు విషం పెట్టినట్టే. గుండె మీద పనిచేసే విషం అది, కొన్ని ఆకులు చాలు.

గుర్రపుడెక్క. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బుడమేరు, ఎక్కడ చూసినా అదే. కాలువలోంచి తీసి గట్టున పోసిన కుప్పల మీదికి గేదెలు పోతాయి. అందులో ముప్పాతిక పైగా నీళ్ళే, బలం లేదు. పైగా మురుగునీళ్ళలో పెరిగినది ఆ నీళ్ళలోని చెడునంతా తనలో దాచుకుంటుంది. ఊరి మురుగు కలిసే చోట పెరిగిన డెక్కను మేతగా వాడకండి.

జొన్న నాము. ఇది కలుపు కాదు గాని చెప్పకుండా ఉండలేను. కోసిన జొన్న మొదళ్ళ నుంచి వచ్చే లేత పిలకల్లో, నీళ్ళందక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది. నిమిషాల్లో పశువు పడిపోతుంది. జొన్న పూతకు వచ్చాకే మేపండి.

డిసెంబరు నెలలో మరీ జాగ్రత్త

వరి కోత అయ్యాక ఖాళీ మడిలో పశువుల్ని వదలడం మన తాతల నాటి అలవాటు. దుబ్బుల నుంచి వచ్చిన పిలకలు, గట్టున గడ్డి, రాలిన గింజ, అన్నీ మేతే. ఎవరి మడి అని అడిగేవాళ్ళు కూడా ఉండరు.

ఇప్పుడు కాలం మారింది. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు, ఇంకా డెల్టాలో చాలాచోట్ల వరి కోసిన మడిని దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు. జీరో టిల్లేజ్ అంటాం కదా, అదే. గింజ పెట్టిన ఒకటి రెండు రోజుల్లో ఉన్న గడ్డి, వరి పిలక చావడానికి పారాక్వాట్, కొత్త కలుపు మొలవకుండా అట్రజిన్ కొడతారు. పంటకు అది మంచి పద్ధతే. కానీ నిన్నటి దాకా మన గేదె మేసిన మడి ఇవాళ మందు మడి అయింది. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు.

ఇక్కడ రెండు సంగతులు తెలియాలి.

ఒకటి, పచ్చగా ఉందంటే మందు పడలేదని కాదు. పారాక్వాట్ పడితే ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి మాడిపోతుంది. గ్లైఫోసేట్ పడితే వారం పది రోజుల దాకా గడ్డి పచ్చగానే కనబడుతుంది. ఆ వారంలో మీరు కోసుకొచ్చిన గడ్డిమోపు చూడ్డానికి బాగానే ఉంటుంది.

రెండు, ఎండింది కదా, మందు పోయి ఉంటుందిలే అనుకోవద్దు. పారాక్వాట్ మాడ్చిన గడ్డి మీద కూడా మందు మిగిలే ఉంటుంది. ఈ మందుకు విరుగుడు లేదు. పశువుకైనా మనిషికైనా అంతే. నోరు, గొంతు పుండ్లవుతాయి, తర్వాత ఊపిరితిత్తులు చెడతాయి.

అందుకే లెక్క సులభంగా పెట్టుకుందాం. మందు పడ్డ గడ్డి మేత కాదు. కోసి వేయకూడదు, మేపకూడదు, ఎండబెట్టి దాచకూడదు. ఆ గడ్డి పూర్తిగా పోయి, కొత్త గడ్డి వచ్చి, డబ్బా మీద రాసిన గడువు కూడా దాటాకే ఆ చోటికి పశువును తీసుకెళ్ళాలి. గడువు రాసి లేకపోతే పశువైద్యుణ్ణి అడగండి.

మందు కొట్టేవాళ్ళకు నాలుగు మాటలు

మీరే రైతు, మీరే పశుపోషకులు కూడా కావచ్చు. కౌలుకు చేసేవాళ్ళు కావచ్చు. మీ మడిలో మందు కొట్టే హక్కు మీకుంది. కానీ పక్కవాళ్ళ గేదెకు ఆ సంగతి తెలియదు.

ముందురోజే చెప్పండి. ఊరి వాట్సప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. పశువులు తోలుకెళ్ళే తాతకు ఫోను ఉండకపోవచ్చు, ఆయనకు నోటితో చెప్పండి. మడికి నాలుగు మూలలా కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. ఎర్రగుడ్డ ఉన్న మడిలోకి పశువును పోనివ్వకూడదని ఊళ్ళో అందరూ ఒక మాట అనుకోండి. పైసా ఖర్చు లేని పని ఇది.

గట్టు మీద మందు కొట్టకండి. మడిలో పంట కోసం కొట్టినా, గట్టును కొడవలికి వదిలేయండి. ఆ గట్టు గడ్డి ఎవరో ఒకరి గేదెకు కడుపు నింపుతుంది.

డబ్బా మీద ఏ పంటకని రాసి ఉందో చూడండి. వరికి, మొక్కజొన్నకు, మినుముకు అని రాసి ఉంటుంది. పశువులు మేసే గడ్డికి అని రాసి లేకపోతే మేత మడిలో కొట్టకూడదు, అంతే. దుకాణాయన ఏం పరవాలేదన్నా సరే. గ్లైఫోసేట్ సంగతి అయితే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం శిక్షణ, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది.

డబ్బా మీద రంగు త్రికోణం కూడా చూడండి. ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. పసుపు అంటే శుభం అనుకోవద్దు. పారాక్వాట్ ది పసుపు త్రికోణమే.

స్ప్రేయరు రేవులో కడగొద్దు. మన ఊళ్ళల్లో గేదెలు పడుకునే రేవు, బట్టలు ఉతికే రేవు, వేసవికి మంచినీళ్ళ చెరువు నింపుకునే కాలువ, అన్నీ ఒకటే నీళ్ళు. కడిగిన నీళ్ళు మందు కొట్టిన మడిలోనే పోయండి. గుర్రపుడెక్క చావాలని కాలువలో మందు పోసే ఆలోచన అసలే వద్దు, కింది ఊళ్ళవాళ్ళు తాగే నీళ్ళవి.

ఖాళీ డబ్బాను కుడితి బకెట్టుగా వాడకండి. ఎన్నిసార్లు కడిగినా వాడకండి. కన్నాలు పొడిచి పనికిరాకుండా చేయండి. మందును కూల్ డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి, పిల్లలున్న ఇళ్ళు మనవి.

మందు లేకుండా కలుపు తగ్గే దారి

మేత మడిలో కలుపుకు మొదటి మందు గడ్డే. నేల ఖాళీగా కనబడితే కలుపు వస్తుంది. గడ్డి దట్టంగా ఉంటే వయ్యారిభామ గింజకు వెలుతురు అందదు.

సెంటు భూమి ఉన్నా సూపర్ నేపియర్ లాంటి మేత గడ్డి కణుపులు నాటండి. మొదటి రెండు నెలలు చేత్తో కలుపు తీస్తే తర్వాత అదే కమ్మేస్తుంది. నీళ్ళు నిలిచే పల్లంలో పారా గడ్డి బాగా వస్తుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మడిలో పిల్లిపెసరగానీ జనుముగానీ చల్లండి. మినుము చల్లినట్టే. నేలలో ఉన్న పదునుతోనే మొలుస్తుంది, పశువుకు మంచి మాంసకృత్తుల మేత, నేలకు సత్తువ. ఖాళీ మడి కోసం వెతుక్కునే పని కూడా తగ్గుతుంది.

అతిగా మేపకండి. గడ్డిని మట్టి దాకా కొరికించేస్తే మళ్ళీ లేచేది గడ్డి కాదు, కలుపు. ఉన్న చోటును రెండు మూడు ముక్కలుగా చేసుకుని ఒకటి మేపేటప్పుడు మిగతావాటిని తేరుకోనివ్వండి.

వయ్యారిభామను వాన పడ్డాక, నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో పీకండి. చేతికి తొడుగు, లేకపోతే ప్లాస్టిక్ సంచి అయినా చుట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పూత రాని మొక్కను గోతిలో వేసి పేడ, మట్టి కప్పితే ఎరువు అవుతుంది. పూత వచ్చినదాన్ని ఎరువు గోతిలో వేయొద్దు, గింజ మళ్ళీ పొలానికే చేరుతుంది. పీకిన కుప్పను ఆ పూటే మడి బయటికి చేర్చండి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా వయ్యారిభామ నిర్మూలన వారం జరుగుతుంది. అది మనకు సరైన అదును. గ్రూపు మొత్తం కలిసి రెండు పూటలు చేస్తే ఊరి గట్లు శుభ్రపడతాయి.

ఆ మొక్కల మీద చారల రెక్కల చిన్న పెంకు పురుగులు ఆకులు తింటూ కనిపిస్తే చంపకండి. వయ్యారిభామను తినడానికి 1980లలో మెక్సికో నుంచి తెప్పించి వదిలిన మెక్సికన్ పురుగులవి. వానాకాలంలో మనకు కూలి అడగని కూలీలు.

ఉప్పునీళ్ళు కొడితే వయ్యారిభామ చస్తుందని విని ఉంటారు. నిజమే, లీటరు నీళ్ళకు 200 గ్రాముల దాకా ఉప్పు కలిపి పూతకు ముందు కొడితే మాడుతుంది. కానీ రోడ్డు పక్కన, గోడ పక్కన మాత్రమే. మేత మడిలో, పొలం గట్టున వద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో నేలకు ఇప్పటికే ఉప్పు బాధ ఉంది. కలుపుతో పాటు గరిక కూడా చస్తుంది.

గుర్రాలు, గాడిదలు ఉన్నవాళ్ళకు

పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పెట్టుకున్నవాళ్ళు, బరువులకు గాడిదలు పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. గేదెకు పనికొచ్చిందల్లా గుర్రానికి పనికిరాదు. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది కడుపులోనే ఉండిపోతుంది. జనుము గేదెలకు మేపుతాం గాని, గుర్రానికి వద్దు. ముఖ్యంగా కాయ పట్టిన జనుము గుర్రానికి విషం. సుబాబుల్ ఆకు ఎక్కువ తింటే గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. గన్నేరు దగ్గర కట్టనే కట్టకండి. గుర్రం తన లద్దె ఉన్న చోట మేయదు, అక్కడ కలుపు దుబ్బుగా లేస్తుంది. లద్దె రోజూ ఎత్తేస్తే సగం కలుపు తగ్గుతుంది.

పశువు తినేసిందని అనుమానం వస్తే

చొంగ కారడం, కడుపుబ్బరం, విరేచనాలు, వణుకు, తూలడం, ఎగశ్వాస. వీటిలో ఏది కనబడ్డా ఇలా చేయండి.

1. పశువును ఆ చోటు నుంచి నీడకు తీసుకురండి. మిగతావాటిని కూడా మళ్ళించండి.
2. 1962 కు ఫోను చేయండి. డబ్బులు అక్కర్లేదు. 2022 మే నుంచి మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సులు ఈ నంబరు మీదే నడుస్తున్నాయి. ఊరు, పశువు, ఏం తిన్నదని అనుమానమో చెప్పండి.
3. గొట్టంతో నూనె, మజ్జిగ, నాటు మందు పోయకండి. తూలుతున్న పశువుకు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషంతో బతికేది దానితో పోతుంది.
4. తిన్న మొక్కను ఒక కొమ్మ, మందు డబ్బాను లేబుల్ తో సహా దాచి డాక్టరుకు చూపించండి. ఏ విషమో తెలిస్తేనే ఏ వైద్యమో తెలుస్తుంది.
5. డాక్టరు చెప్పేదాకా ఆ పాలు పాలకేంద్రానికి పోయకండి, ఇంట్లో పిల్లలకు పట్టకండి, దూడకు కుడపకండి.

మనిషి ఒంటిమీద మందు పడితే బట్టలు మార్చి సబ్బుతో కడగండి. నోట్లోకి పోతే ఒక్క నిమిషం ఆగకుండా 108 కు చేయండి. ఇప్పుడు బాగానే ఉన్నానులే అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. పారాక్వాట్ మొదట్లో ఏమీ కానట్టే ఉంటుంది, రెండు మూడు రోజులకు బయటపడుతుంది.

మీకు ప్రభుత్వం నుంచి ఉన్న సాయం

రైతు సేవా కేంద్రం. మొన్నటిదాకా రైతు భరోసా కేంద్రం అన్నాం. రాయితీ మీద మేత విత్తనాలు ఎప్పుడు వస్తాయో, ఎంత వాటా కట్టాలో అక్కడి పశుసంవర్ధక సహాయకుణ్ణి అడగండి. వరి కోతలకు నెల ముందే అడగండి. కోతలయ్యాక అడిగితే అదును దాటిపోతుంది.

చెవి పోగు. పశువు చెవికి 12 అంకెల నంబరుతో వేసే పసుపు పోగు. ఉచితం. పోగు లేని పశువుకు బీమా లేదు. పోగు ఊడిపోతే వెంటనే చెప్పి మళ్ళీ వేయించుకోండి.

బీమా. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం జాతీయ పశుసంపద మిషన్ కింద బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. మీ మండల పశువైద్యశాలలో నమోదు ఎప్పుడో కనుక్కోండి. ఒకవేళ పశువు చనిపోతే తొందరపడి పూడ్చకండి. ముందు డాక్టరుకు, బీమా వాళ్ళకు చెప్పండి. పోస్టుమార్టం లేకుండా, చెవి పోగు లేకుండా క్లెయిము రావడం కష్టం. అప్పు మాత్రం వాయిదా తప్పకుండా వస్తుంది.

గోడకు అంటించుకోండి

జూన్, జూలై: తొలకరికి మొలిచిన వయ్యారిభామను పూతకు ముందే పీకాలి.
ఆగస్టు: గ్రూపుగా గట్లు శుభ్రం చేయాలి.
అక్టోబరు: పిల్లిపెసర, జనుము విత్తనాలకు చెప్పిపెట్టాలి.
నవంబరు, డిసెంబరు: కోతకు ముందు మేత విత్తనం చల్లాలి. ఎర్రగుడ్డ చూసి పశువును మళ్ళించాలి. అడగకుండా ఎవరి మడిలోకీ తోలకూడదు.
ఏప్రిల్, మే: కాలువలు కట్టేస్తారు, గడ్డి దొరకదు. ఆకలి మీదున్న పశువు విషం, మంచి చూడదు. ముందే ఎండుగడ్డి దాచుకోవాలి. కడుపు నిండా ఎండుగడ్డి పెట్టాకే బయటికి వదలాలి.

అక్కలారా, అన్నలారా, మేత తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు, మందు కొట్టేది ఎక్కువగా మగవాళ్ళు. ఒకే ఇంట్లో ఒకరు చేసింది ఇంకొకరికి తెలియకపోతే గేదె పోతుంది. కాబట్టి ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఏ గట్టు మీద మందు కొట్టారు?" రేపు పొద్దున కొడవలి పట్టుకుని వేరే గట్టుకు పోవచ్చు.